రెండో పిలుపు

ఉద్యోగానికి రెండోసారి రమ్మన్నారంటే ఎవరైనా సంతోషిస్తారు. సగం గట్టెక్కినట్టే అనుకుంటారు. మా బాన్సువాడలో మేమూ సంతోషిస్తాం. అమ్మీ వెంటనే వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాకు మొక్కుకుంటుంది. అబ్బా చాయ్ హోటల్లో నలుగురికి చెప్పుకుంటాడు. ఆ పిలుపు అందుకున్న పిల్లవాడు మాత్రం అద్దం ముందుకు పోయి నిలబడతాడు. మొదటిసారి పోయేటప్పుడు వాడు అద్దం చూసుకోలేదు, పుస్తకం చూసుకున్నాడు. అకౌంట్లు అడుగుతారని ట్యాలీ తిరగేశాడు, జీఎస్టీ లెక్కలు కట్టాడు. అడిగినవన్నీ చెప్పాడు. చెప్పాడు కాబట్టే మళ్ళీ పిలిచారు. మళ్ళీ అవే అడగరు గదా!

మొదటి ఇంటర్వ్యూ నీకేం వచ్చు అని అడుగుతుంది. రెండోది నువ్వెవరు అని అడుగుతుంది. మెజారిటీ ఇండ్లలోంచి పోయే చాలామంది పిల్లలకు ఈ రెండో ప్రశ్న వినిపించనే వినిపించదు. వాళ్ళు పోయి కుర్చీలో కూర్చునేసరికే దానికి జవాబు దొరికి ఉంటుంది. మేం ఆ జవాబును ఇంటి దగ్గరే తయారుచేసుకుని మూట కట్టుకుని పోవాలి. ఈ తయారీ గురించే మేం మాట్లాడదలచుకున్నాం. ఇందులో మర్యాద ఎంత, నటన ఎంత, లొంగుబాటు ఎంత? బువ్వకు సంబంధించిన సంగతి కాబట్టి నీతి గురించి పెద్ద పుస్తకాలు రాసేవాళ్ళకు ఇది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. మా ఇండ్లలో వాదులాటకు దిగే నీతి ప్రశ్న ఇదే.

బాన్సువాడ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లా, ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. మంజీర నీళ్ళు, నిజాంసాగర్ కాలువ, వరి పొలాలు. 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టుకు రూపం గీసిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన నీళ్ళు ఎవరి పొలానికి పోయేటప్పుడూ పేరు అడగలేదు. మా వాడలో పొలాలున్నవాళ్ళు తక్కువ. మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, టైలరింగ్, ఆటో. ఆడవాళ్ళకు బీడీలు, మగవాళ్ళకు దుబాయి. పక్కనే బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉండేది, అది 2015 డిసెంబరులో మూతపడింది. చదువుకున్న పిల్లవాడికి ఉద్యోగం కావాలంటే హైదరాబాదు బస్సెక్కాలి.

ఇంటర్వ్యూల మీద గైడ్లు దొరుకుతాయి. మొదటిసారి ఏం చెప్పారో గుర్తుంచుకోండి, రెండోసారి దానికి విరుద్ధంగా చెప్పకండి. అప్పుడు తడబడిన ప్రశ్నను మళ్ళీ చదువుకోండి. ఈసారి ఎవరు కూర్చుంటారో కనుక్కోండి, ఎందుకంటే మొదటిసారి పని తెలిసినవాడు కూర్చుంటాడు, రెండోసారి నిర్ణయం చేతిలో ఉన్నవాడు కూర్చుంటాడు. జీతం ఎంత అడగాలో అనుకుని పోండి. మీరు కూడా రెండు ప్రశ్నలు వేయండి. మంచి సలహాలే, మా పిల్లలూ పాటిస్తారు. అయితే ఆ గైడ్లలో లేని అధ్యాయం ఒకటి మా ఇండ్లలో నోటిమాటగా నడుస్తుంది. గడ్డం ఉంచాలా, కొంచెం కత్తిరించాలా? నుదుటి మీద సజ్దా మచ్చ ఉంటే పౌడరు అద్దాలా? మహమ్మద్ అని పూర్తిగా పలకాలా, ఎండీతో సరిపెట్టాలా? మాటకు ముందు ‘ఇన్షా అల్లా’ అనడం అలవాటైపోయింది, దాన్ని పంటి కింద ఎట్లా ఆపాలి? హైదరాబాదులో ఎక్కడుంటావంటే పాతబస్తీలో మామూ ఇల్లుందని చెప్పాలా, మెహిదీపట్నం అనాలా, ఏకంగా కూకట్‌పల్లి అని అబద్ధమాడాలా? శుక్రవారం నమాజుకు గంట కావాలని ముందే అడగాలా, చేరినాక చూసుకోవాలా? పొట్ట కోసం ఒక మనిషి ఇన్ని విషయాలు ఆలోచించాల్సి రావడం మీకు వింతగా అనిపిస్తే, మీకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదన్నమాట.

ఇదంతా మా అనుమానపు బుద్ధి అనేవాళ్ళున్నారు. అనుమానానికి లెక్కలున్నాయి. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు పత్రికల్లో పడిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు చదువూ అనుభవమూ ఒకేలా రాసి, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. ఒకటి అగ్రకుల హిందువు పేరు, ఒకటి దళితుడి పేరు, ఒకటి ముస్లిం పేరు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పోయాయి. 2007లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో అచ్చయిన ఫలితం ఇది: అగ్రకుల పేరుకు పిలుపు దక్కే పాళ్ళు ఒకటి అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. 2022లో లెడ్‌బై ఫౌండేషన్ వాళ్ళు ఆడవాళ్ళ విషయంలో ఇదే పరీక్ష పెట్టారు. ఒకే రెజ్యూమెను ప్రియాంకా శర్మ పేరుతో, హబీబా అలీ పేరుతో 1,000 ఉద్యోగాలకు పంపితే ప్రియాంకకు 208 సానుకూల జవాబులు, హబీబాకు 103. ఇద్దరూ కల్పించిన మనుషులే. లేని మనిషికి కూడా మతం అడ్డం పడింది.

2015లో ముంబయిలో ఒక వజ్రాల ఎగుమతి కంపెనీ, దరఖాస్తు చేసిన ముస్లిం పట్టభద్రుడికి ముస్లిమేతరులనే తీసుకుంటామని ఈమెయిల్ పంపింది. గొడవైంది, పోలీసులు కేసు నమోదు చేశారు. రాసిచ్చింది కాబట్టి దొరికింది. నోటితో, నవ్వుతూ, చాయ్ తాగించి చేసే పనికి రశీదు ఉండదు.

సర్కారు ఉద్యోగాల సంగతి మీకు తెలిసిందే. 2006 నాటి సచార్ కమిటీ నివేదికలో ఐఏఎస్‌లలో మావాళ్ళు 3 శాతం, ఐపీఎస్‌లలో 4 శాతం. అప్పటికి 2001 లెక్కల ప్రకారం దేశ జనాభాలో మేం 13.4 శాతం. మన రాష్ట్రంలో 2007లో ముస్లింలలోని వెనుకబడిన తరగతులకు బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చారు. హైకోర్టు కొట్టేస్తే 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. రాజ్యాంగంలో 16వ అధికరణం ఉంది, మతం చూసి ప్రభుత్వోద్యోగం నిరాకరించకూడదని. ఆ అధికరణం ప్రైవేటు కంపెనీ గుమ్మం దాటి లోపలికి రాదు.

ఇక్కడొక చిత్రం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి నుంచి గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా వద్దంది. సిఫారసులు, లంచాలు, పారదర్శకత అని ఏవేవో కారణాలు చెప్పుకున్నారు. మాకు మాత్రం అందులో ఒక ఒప్పుకోలు కనిపించింది: మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే న్యాయం చేయడం కష్టమని. ప్రైవేటువాళ్ళు అదే సమయంలో ఒకటికి రెండు, రెండుకు మూడు ఇంటర్వ్యూలు పెంచుకుంటూ పోయారు.

ఆ రెండో ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న చాలా అమాయకంగా ఉంటుంది. ‘మీ ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ చెప్పండి.’ సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లోనే పెద్ద కంపెనీల నియామకాలు చూసే అధికారులతో మాట్లాడి రాశారు. ప్రతిభే మాకు ముఖ్యం అని చెప్పిన నోటితోనే వాళ్ళు కుటుంబ నేపథ్యం తప్పకుండా కనుక్కుంటామని చెప్పారు. మంచి కుటుంబం నుంచి వచ్చినవాడు మంచి ఉద్యోగి అవుతాడని వాళ్ళ నమ్మకం. మా అమ్మీ బీడీలు చేస్తుంది. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, వెయ్యికి ఇంతని లెక్క. ఆ లెక్కలోంచే ఈ బీకాం వచ్చింది. ఇది మంచి కుటుంబమా, కాదా? అడిగిన పెద్దసారు ఆ మాట చెప్పగానే ‘ఓహో’ అంటాడు. ఆ ఓహోను ఎట్లా అర్థం చేసుకోవాలో ఏ గైడూ చెప్పదు.

ఇది మా ఒక్కరి బాధ అని మేం అనడం లేదు. దళితుడికి కూడా ఈ ప్రశ్న కత్తే. ఊరి పేరు, ఇంటి పేరు, నాన్న చేసే పని అడిగి అడిగి కులం దగ్గరికి వస్తారు. మా దగ్గర అంత తిప్పలు అక్కర్లేదు, పేరు చెప్తే చాలు.

తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. మేము అంటే వింటున్నవాడు బయట ఉన్నాడు. మనం అంటే లోపల ఉన్నాడు. ఇంట్లో మేం మాట్లాడే దక్కనీకి కూడా ఈ తెలివి ఉంది. ‘హమ్’ వేరు, ‘అపన్’ వేరు. పొద్దున లేస్తే అమ్మీతో దక్కనీ, బజారులో తెలంగాణ తెలుగు, స్కూలు పుస్తకంలో ఇంకో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. ఆ నాలుగోదానికే ఈ తేడా తెలియదు. దానికి ‘వుయ్’ ఒక్కటే. కుర్చీలో కూర్చున్నాయన ‘వుయ్ ఆర్ లైక్ ఎ ఫ్యామిలీ హియర్’ అంటాడు. అది మేము అనా, మనం అనా? ఆ వుయ్‌లో ఎదురుగా కూర్చున్న పిల్లవాడు ఉన్నాడా, లేడా? రెండో ఇంటర్వ్యూ మొత్తం ఈ ఒక్క మాట అర్థం తేల్చడానికే జరుగుతుంది. ‘కల్చర్ ఫిట్’ అని ఈ మధ్య దానికొక పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే ‘మనోడేనా?’

పిలుపు వచ్చిన రాత్రి మా ఇంట్లో రెండు వర్గాలు ఏర్పడతాయి. చిచ్చా అంటాడు: ‘గడ్డం గీసుకుంటే ఈమాన్ పోతదా బేటా? గీసుకుని పో. నౌకరీ వచ్చినంక మళ్ళ పెంచుకో.’ దాదీ ఒప్పుకోదు. ‘రిజ్ఖ్ ఇచ్చేటోడు అల్లా. వాళ్ళకు భయపడి గీసుకుని తెచ్చిన రొట్టె గొంతు దిగదు.’ ఇద్దరూ ప్రేమతోనే చెప్తారు. చిచ్చా పదేళ్ళు రియాద్‌లో ఇటుకలు మోసి వచ్చినవాడు, పని విలువ తెలుసు. దాదీ 1948 సెప్టెంబరు తర్వాత ఇంట్లో మగవాళ్ళ నౌకరీలు పోయిన సంగతి తన అత్త నోట విన్నది, ఏం చేసినా పోయేది పోతుందని తెలుసు.

మూడో సలహా బయటి నుంచి వస్తుంది. లౌకికవాద మిత్రులు ఇస్తారు. ‘ఇవన్నీ ఎందుకు? మతం ఇంట్లో పెట్టి మనిషిగా పో.’ మేం వాళ్ళను గౌరవిస్తాం. మా మీద చేయి పడ్డప్పుడు అడ్డం నిలబడ్డవాళ్ళలో వాళ్ళున్నారు. కానీ ఒక్క సంగతి వాళ్ళు గమనించాలి. ఇంటర్వ్యూ గదిలో బొట్టు మతం కాదు. చేతికి కట్టిన ఎర్రదారం మతం కాదు. రిసెప్షన్‌లో దండ వేసిన లక్ష్మీదేవి పటం మతం కాదు, దసరాకు కంప్యూటర్ల మీద చల్లే కుంకుమ మతం కాదు. అవన్నీ సంప్రదాయం. మేం వాటిని తప్పు పట్టడం లేదు, ఆ ప్రసాదం మేమూ తింటాం. టోపీ దగ్గరికి వచ్చేసరికే అది మతం అవుతుంది. ఇంట్లో పెట్టి రావాల్సింది ఎప్పుడూ ఒకరే అయితే, ‘మనిషి’ అన్న మాటకు కొలతలు ఎవరి ఒంటికి తీసినట్టు?

కొలతలు తీసేవాళ్ళు మారుతుంటారన్నది కూడా నిజమే, దాన్ని దాచడం మాకిష్టం లేదు. నిజాం కాలంలో ఉర్దూ రాజభాష. 1918లో పెట్టిన ఉస్మానియాలో చదువే ఉర్దూలో. అప్పుడు కొలువు కావాలంటే తెలుగింటి హిందువు ఉర్దూ నేర్చుకుని, షేర్వానీ తొడిగి, దర్బారు మర్యాదలు బట్టీపట్టి పోయాడు. ఇంట్లో ఒక మనిషి, కచేరీలో ఇంకో మనిషిగా బతికాడు. ఆ షేర్వానీ లోపల ఆయనకు ఉక్కపోసిందా అని కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ అడిగి ఉండరు. తర్వాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది. అప్పుడు తెలంగాణ యాస మొత్తం ఇంటర్వ్యూలో ఫెయిలయింది. 1969లో పిల్లలు రోడ్డెక్కింది ఉద్యోగాల కోసమే, ముల్కీ అంటే ఈ గడ్డవాడు అని అర్థం చెప్పుకుంటూ. ఆ ముల్కీలో మేమూ ఉన్నాం. 2014లో రాష్ట్రం వచ్చింది, యాసను ఎగతాళి చేసేవాళ్ళు తగ్గారు. మా దక్కనీ మాత్రం సినిమాల్లో ఇంకా నవ్వించడానికే పనికొస్తోంది.

గల్ఫ్ సంగతి వేరు. అక్కడికి పోవాలన్నా రెండు పరీక్షలుంటాయి. ముందు ఏజెంటు చూస్తాడు, తర్వాత కంపెనీవాళ్ళు వచ్చి ట్రేడ్ టెస్ట్ పెడతారు. వెల్డింగ్ అంటే వెల్డింగ్ చేయమంటారు. అతుకు గట్టిగా ఉంటే పాస్. నువ్వెవరని అడగరు. చాకిరీకి మనిషి ఎవరైతేనేం అనే చిన్నచూపు కూడా అందులో ఉంది. అదీగాక మక్కాలో పనికి ముస్లిం అయి ఉండాల్సిందే, మా వాడ చివరనున్న హిందూ దోస్తుకు ఎంత పనితనం ఉన్నా అక్కడికి పోలేడు. అది మా ధర్మానికి సంబంధించిన కట్టుబాటని మాకు తెలుసు. అయినా పక్కనున్నవాడు వెనక్కి తిరిగి పోయేటప్పుడు వాడి ముఖం ఎట్లుంటుందో చూసినవాళ్ళం కాబట్టి, మాకు జరిగేదాన్ని మా మతానికి మాత్రమే జరిగే కుట్రగా మాట్లాడలేం.

ఆడపిల్లల దగ్గరికి వస్తే ఈ అధ్యాయం ఇంకా పెద్దది. మా ఊరి అమ్మాయిలు కొందరు బుర్ఖాతో బస్సెక్కుతారు, సికింద్రాబాదులో దిగినాక తీసి బ్యాగులో మడిచి పెట్టుకుంటారు, సాయంత్రం మళ్ళీ తొడుక్కుని తిరిగొస్తారు. ఒకమ్మాయి మా మగవాళ్ళ ముఖం మీదే అన్నది: ‘తియ్యమనేటోళ్ళు, తియ్యొద్దనేటోళ్ళు ఇద్దరూ నా జీతం ఇవ్వరు. మీరిద్దరూ నన్ను ఇంటర్వ్యూ చేసేటోళ్ళే.’ ఆ మాటకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. సయ్యదులం, పఠానులం అని చెప్పుకునే ఇండ్లు దూదేకుల వాళ్ళను ‘మీకు ఉర్దూ రాదు, మీరు ముస్లింలేనా?’ అని అడిగేది కూడా ఈ రెండో ఇంటర్వ్యూయే. కుర్చీ దొరికితే ఆ ప్రశ్న అడగాలనే బుద్ధి ఎవరికైనా పుడుతుంది.

అమెరికాలో ఒక కేసు నడిచింది. 2008లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో, 17 ఏళ్ళ ముస్లిం అమ్మాయి అబర్‌క్రోంబీ బట్టల దుకాణంలో ఉద్యోగానికి తలకు నల్ల స్కార్ఫ్ కట్టుకుని పోయింది. ఇంటర్వ్యూ చేసినామె మంచి మార్కులే వేసింది. పైఅధికారిని అడిగితే, తల మీద అది ఉంటే మా దుకాణం పోకడకు కుదరదని వద్దన్నాడు. అంటే ఆ పిల్ల లేని గదిలో ఆమెకు రెండో ఇంటర్వ్యూ జరిగిపోయింది. మతం కోసం కట్టుకున్నానని ఆమె మాకు చెప్పలేదు గదా అని కంపెనీ వాదించింది. 2015 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆ వాదనను తోసిపుచ్చింది. మీకు తెలిసినా, ఊహించుకున్నా, ఆమె మతాచారాన్ని తప్పించుకోవాలనే ఉద్దేశంతో వద్దనడమే తప్పు అంది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా మైనారిటీల పక్షపాతి అని పేరున్నవాడు కాదు, పేరున్న సంప్రదాయవాది.

ఆ దేశం నుంచే ఇంకో సంగతి. అక్కడ పెద్ద పెద్ద వాద్యబృందాల్లో ఆడవాళ్ళు దాదాపు ఉండేవాళ్ళు కాదు. 1970లలో, 80లలో ఎంపిక పరీక్షకు ఒక పద్ధతి మొదలైంది. వాయించేవాళ్ళను పర్దా వెనక కూర్చోబెట్టడం. చెప్పుల చప్పుడుకు ఆడో మగో తెలిసిపోతుందని కింద తివాచీ కూడా పరిచారు. 1970లో పై అయిదు బృందాల్లో 5 శాతం కూడా లేని ఆడవాళ్ళు 90లకు వచ్చేసరికి పాతిక శాతం అయ్యారు. క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌజ్ 2000లో దీన్ని లెక్కగట్టి రాశారు. గోల్డిన్‌కు 2023లో నోబెల్ వచ్చింది. పర్దా తీసేస్తే గాని బాగుపడరని మాకు చెప్పే లోకానికి, పర్దా వేస్తే గాని న్యాయం చేయలేకపోయామని ఒప్పుకున్న లోకం ఒకటుందని తెలిస్తే మంచిదే. అయితే అక్కడ కూడా చాలా బృందాలు మొదటి విడతలోనే పర్దా వేశాయి. ఆఖరి విడత వచ్చేసరికి తీసేశాయి. మనిషి ముఖం చూడకుండా పని ఇవ్వడానికి వాళ్ళకూ మనసొప్పలేదన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊరి కుర్రాడొకడు హైదరాబాదులో ఒక కంపెనీ రెండో ఇంటర్వ్యూకు పోయాడు. పేర్లు అనవసరం. పెద్దసారు చాలా మర్యాదగా మాట్లాడాడట. అంతా అయిపోయి లేవబోతుంటే, ‘మా దగ్గర అందరం ఒక్క కుటుంబంలా ఉంటాం. నీతో మాకేం ఇబ్బంది ఉండదు గదా?’ అన్నాడట. ఏ ఇబ్బందో చెప్పలేదు. కుర్రాడికి అర్థమైంది. ‘నేను ఆ టైపు ముస్లింను కాదు సార్’ అన్నాడు. ఉద్యోగం వచ్చింది. వాడు తెచ్చిన మిఠాయి మేమందరం తిన్నాం.

ఏడాదికి అదే ఆఫీసుకు మా ఊరి నుంచి ఇంకొకడు పోయాడు. పెద్దసారు అదే మర్యాదతో అన్నాడట: ‘మీ ఊరివాడు ఒకడున్నాడు మా దగ్గర. బంగారం. మీవాళ్ళలా ఉండడు. నువ్వూ అట్లాగే ఉంటావా?’

గడ్డం ఎవరిది వాళ్ళది. ఉంచుకున్నా తీసుకున్నా దాని లెక్క వాళ్ళకూ అల్లాకూ మధ్య. చొక్కా మాది, యాస మాది, ఇన్షా అల్లాను పంటి కింద ఆపుకున్న నోరూ మాదే. కష్టకాలంలో సొంత సొమ్ము కుదువపెట్టుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది, దాదీ ఎంత కోప్పడినా మేం ఈ విషయంలో చిచ్చా పక్షమే. ‘ఆ టైపు’ అన్న మాట మాత్రం సొంత సొమ్ము కాదు. ఆ మాటలో టోపీ పెట్టుకుని పండ్ల బండి తోసే మామూ ఉన్నాడు, బుర్ఖా తొడుక్కుని రేషన్ షాపు ముందు నిలబడ్డ ఖాలా ఉంది, వెనక రాబోయే ఇంకో పిల్లవాడు ఉన్నాడు. వాళ్ళను అడగకుండా వాళ్ళను తాకట్టు పెట్టడం అది. ఆ కుర్రాడు చెడ్డవాడని మేం అనం. అద్దె ఉంది, అమ్మీ వేళ్ళు బీడీలు చుట్టి వంకర్లు పోయాయి, ఎదురుగా కూర్చున్నవాడి చేతిలో కలం ఉంది. తప్పులో పెద్ద వాటా ఆ ప్రశ్న వేసినవాడిదే. కానీ చిన్న వాటా కూడా వాటాయే.

మరి నిజం చెప్పి బయటికి రావాలా? ఇక్కడ ఒక పాత తగువు గుర్తొస్తుంది. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగితే అబద్ధమాడవచ్చునా? ఆడకూడదని జర్మనీ తత్వవేత్త కాంట్ 1797లో రాశాడు. నిజం వినే హక్కున్నవాడికే నిజం చెప్పాల్సిన బాధ్యత ఉంటుందని ఫ్రాన్సులో బెంజమిన్ కాన్‌స్టాంట్ అన్నాడు, దానికి జవాబుగానే కాంట్ రాశాడు. మేం కాన్‌స్టాంట్ పక్షం. అకౌంట్లు చూడాల్సిన పనికి పిలిచినవాడికి మా నమాజు గురించి, తలాక్ గురించి, పాకిస్తాన్ మ్యాచ్ గురించి మా మనసులో ఏముందో వినే హక్కు లేదు. హక్కు లేనివాడికి నిజం బాకీ లేదు. అబద్ధం కూడా అక్కర్లేదు. ఊరుకోవచ్చు. ఇబ్బంది పడకుండా ఊరుకోవడం ఎట్లాగో నేర్చుకోవడమే ఈ తయారీలో కష్టమైన భాగం. కంపెనీ బ్యాలెన్స్ షీటు చదవడం కంటే అదే ఎక్కువ సమయం తీసుకుంటుంది.

శుక్రవారం విషయం అట్లాంటిది కాదు. అది వాళ్ళ సమయానికి సంబంధించింది, కాబట్టి వాళ్ళకు వినే హక్కుంది. ముందు దాచి, చేరిన మొదటి శుక్రవారం పంటి నొప్పని, రెండో శుక్రవారం బ్యాంకు పనని చెప్పుకుంటూ పోతే మూడో వారానికి వాడు అబద్ధాలకోరు అవుతాడు. అప్పుడు ‘మీవాళ్ళు ఇంతే’ అనే అవకాశం మేమే అందించినట్టు. అదే పనిగా దాచాల్సి వచ్చేదాన్ని మొదటే చెప్పాలన్నది మా అభిప్రాయం. మాలో కొందరు ఒప్పుకోరు. ముందే చెప్తే ఉద్యోగమే రాదు గదా, చేరి పనితనం చూపించి అప్పుడు అడుగుదామంటారు. వాళ్ళలో రెండుసార్లు ముందే చెప్పి రెండుసార్లూ తిరిగొచ్చినవాళ్ళున్నారు. వాళ్ళతో గట్టిగా వాదించడం కష్టం.

ఇప్పుడు మా వాడలో ఆదివారం జొహర్ తర్వాత ట్యూషన్ గదిలో కూర్చుని పిల్లలు ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకుంటున్నారు. అమ్మాయిలూ వస్తున్నారు. ఉద్యోగం దొరికినవాళ్ళు సెలవుకు ఊరికొస్తే పెద్దసారు కుర్చీ వాళ్ళకే ఇస్తారు. ఆ ప్రశ్నలన్నీ వేయిస్తారు, ఓహోతో సహా. ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్‌కు ఒక జవాబు తయారైంది. ‘మా అమ్మీ బీడీలు చేస్తుంది. అబ్బా లారీ మెకానిక్. శుక్రవారం మధ్యాహ్నం నాకొక గంట కావాలి, ఆ గంట సాయంత్రం ఉండి చేస్తాను. మిగతా ముస్లింల సంగతి నాకు తెలియదు సార్, నా పని సంగతి అడగండి.’ మొదటి రెండు వాక్యాల మీద గొడవ లేదు. మూడోదాన్ని అడగకముందే చెప్పాలా, జీతం మాట వచ్చినప్పుడు చెప్పాలా అన్నది తేలలేదు. నాలుగోదాని మీద అమ్మాయిలు పట్టుబట్టారు. ‘తెలియదు’ ఎందుకు, తెలుసు గదా, ‘నేను చెప్పను’ అనాలంటారు. అంత గట్టిగా అంటే లేచి రావాల్సిందేనని అబ్బాయిలంటారు. ‘సార్’ ఉంచాలని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. బుధవారం ఒకమ్మాయికి హైదరాబాదులో రెండో పిలుపు ఉంది. ఆ లోపల నాలుగో వాక్యం తేల్చుకోవాలి.